పటమునకు పొలిమేర



అచ్చంపేట మొదలుకొని పల్నాటి పల్లెలలో నేడు పటము తీయని యిల్లు లేదు. ఒకప్పుడు పెండ్లికో, పాఠశాల వార్షికోత్సవమునకో పట్టణమునుండి ఫొటో తీయువానిని ప్రత్యేకముగా పిలిపించుకొనెడివారము. నేడు మనుమరాలి చేతిలోని ఫోను ఆ పని చేయుచున్నది. మిరపకల్లములోని కాయను పటము తీసి వ్యాపారికి పంపువారు కలరు. పురుగు పట్టిన ప్రత్తిమొక్కను పటము తీసి మందుల దుకాణమువానికి చూపువారును కలరు. పటములు పెరిగినవి, కాని పటమునకు అంచు ఎక్కడ పెట్టవలె నను విచారము పెరుగలేదు. ఆ యొక్క విషయమును గూర్చియే నేటి నా ప్రసంగము.

కంటికి అంచు లేదు. మనము వీధిలో నిలిచి చూచునప్పుడు చూపు ఎదుటివాని ముఖముమీద నున్నను, ప్రక్కనున్న వేపచెట్టు, దాని క్రింది అరుగు, దూరమున వచ్చుచున్న ఎద్దులబండి, అన్నియు లీలగా తెలియుచునే యుండును. పటమట్లు కాదు. దానికి నాలుగంచులు కలవు. ఊరికి పొలిమేర యెట్టిదో పటమునకు అంచు అట్టిది. రాతికి ఈవలనున్నది మన యూరు, ఆవలనున్నది కాదు. సర్వేరాయి గజము జరిగినచో ఎన్ని తగవులు పుట్టునో పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు. పటపుటంచు జరిగినందువలనను నష్టము కలుగును. కాని అది వెంటనే తెలియదు. ఇరువది యేండ్లకు తెలియును; అప్పటికి సరిచేయుటకు వీలుండదు.

ఫ్రాన్సుదేశమున డాగేరు అనునతడు కనిపెట్టిన ఛాయాచిత్రపద్ధతి 1839 లో లోకమునకు వెల్లడి చేయబడెను. అది మొదలు నూటయేబది యేండ్లకు పైగా పటము తీయుట ప్రత్యేకవృత్తిగా నుండెను. మా కాలమున పాఠశాలలకు వచ్చు ఫొటోగ్రాఫరు మూడుకాళ్ల స్టాండుమీద కొయ్యపెట్టె నిలిపి, నల్లగుడ్డ తలపై కప్పుకొని, వెనుకనున్న గరుకుగాజుపై బింబమును చూచుకొనెడివాడు. ఆ గాజుమీద బింబము తలక్రిందులుగా పడును. ఒకమారు నేను ఆ గుడ్డలో తల దూర్చి చూచితిని. ప్రధానోపాధ్యాయుడు మొదలు ఒకటవ తరగతి బాలుని వరకు అందరును గబ్బిలములవలె వ్రేలాడుచుండిరి. "ఇట్లు తలక్రిందులుగా చూచి నీవేమి తెలిసికొందువయ్యా?" అని అడిగితిని. అతడు నవ్వి, "తిన్నగా చూచినయెడల ఎవరు పెద్దయో ఎవరు చిన్నయో మనసులో పడును మాస్టారూ. తలక్రిందులుగా చూచినయెడల ఏ వైపు బరువో, ఏ వైపు వెలితియో అదియే కనబడును" అనెను. అంతటి మాటను నేను అలంకారశాస్త్రము చదువుకొనునప్పుడును వినలేదు.

అతడే మరియొక సంగతి చెప్పెను. మనుష్యుని పటములో అంచు పడవలసివచ్చినప్పుడు కీలుమీద పడరాదట. మోకాలివద్ద, మణికట్టువద్ద, చీలమండవద్ద అంచు పడినయెడల ఆ యవయవము నరికినట్లుండును. తొడ నడుమనో, మోచేతికి పైననో అంచు పడినచో కన్ను మిగిలినదానిని తానే పూరించుకొనును. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు. దీనితో నాకు ముందు పని కలదు.

మన శాస్త్రములలో ఈ విచారము లేదా యని పండితులు అడుగవచ్చును. వాత్స్యాయనసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రమునకు ఆరంగములు చెప్పియున్నాడు. వానిలో ప్రమాణమును లావణ్యయోజనమును మన ప్రస్తుతవిషయమునకు దగ్గరివి. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున వెలసిన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమనెను. అది పటమునకును సరిపోవును. అయితే ఒక్క విశేషము. అజంతాగుహలలోని గోడలపై వ్రాసిన కథలకు చట్రములు లేవు; ఒక కథ మరియొక కథలోనికి జారిపోవును. అంచును ముందుగా నిర్ణయించుకొని, దానిలోపల సర్వమును ఇమిడ్చిన శిల్పులను చూడవలెనన్నచో దూరదేశములు పోనక్కరలేదు. మన పొరుగుననే యున్న అమరావతిని చూచిన చాలును.

అమరావతీస్తూపమునకు వాడిన రాయి మన పల్నాటి సున్నపురాయియే. దొరలు దానిని చలువరాయి యని పిలిచిరి గాని అది చలువరాయి కాదు. స్తూపము చుట్టునున్న ప్రాకారమునకు స్తంభములు, వానిని కలుపు అడ్డరాళ్లు, పైన ఉష్ణీషము అను రాతివరుస. స్తంభముల నడుమను అడ్డరాళ్లమీదను గుండ్రని ఫలకములుండును. శిల్పికి ఇచ్చిన జాగా ఆ వృత్తమే. దాని వెలుపల గోరంత స్థలము లేదు.

ఆ వృత్తఫలకములలో నలగిరి యను మదపుటేనుగు కథ చెక్కినది యొకటి చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమునాటిదని పండితుల నిర్ణయము. కథ మీకు తెలిసినదే. దేవదత్తుడు అసూయచే రాజగృహ నగరవీథిలో బుద్ధునిమీదికి మదపుటేనుగును విడిపించెను. అది బుద్ధుని యెదుట మోకరిల్లెను. శిల్పి యేమి చేసెనో చూడుడు. ఎడమవైపున ఏనుగు వీథిలో చొరబడి మనుష్యుని తొండముతో పట్టినది. జనులు చెదరిపోవుచున్నారు. భయపడిన స్త్రీ యొకతె వెనుకకు ఒరిగినది. కుడివైపున అదే యేనుగు బుద్ధుని పాదములవద్ద వంగియున్నది. బుద్ధుడు భిక్షువులతో అంచు దాపున కదలక నిలిచియున్నాడు. పైన మేడల గవాక్షములనుండి జనులు తొంగి చూచుచున్నారు.

నేను ఆ ఫలకము నెదుట చాలసేపు నిలిచితిని. మొదట కన్ను ఏనుగుమీద పడును. అక్కడనుండి పరుగెత్తు జనులతో కుడివైపునకు పోవును. అంచు దగ్గరికి పోయినపిమ్మట జారి వెలుపలికి పోవలెను గదా! పోదు. నిశ్చలుడైన బుద్ధుడు అక్కడ గోడవలె నిలిచి దానిని ఆపును. గవాక్షములలోని వారు చూపును మరల క్రిందికి త్రిప్పుదురు. ఇంతమందిలో ఒక్కని తీసివేసినను చూపు తెగిపోవును. రాజగృహమున ఎన్ని వీథులు లేవు, ఎందరు రాజులు లేరు! శిల్పి వారినెల్ల విడిచిపెట్టి, ఒక్క వీథిని, ఒక్క మేడను ఉంచుకొనెను. ఇచ్చట వదలుటయే కూర్పు. ఇంతకంటె పూర్వపు ఫలకములలో బుద్ధుని రూపమునే చెక్కలేదు. శూన్యమైన ఆసనము, దానిక్రింద పాదముద్రలు మాత్రమే చెక్కిరి. ముఖ్యమైన దానినే వదలి, అది యున్నదని తెలియజేయుట ఎంతటి ధైర్యము!

ఇది సౌందర్యమునకై తీయు పటముల సంగతి. సాక్ష్యమునకై తీయు పటముల ధర్మము వేరు. దానికిని అమరావతియే ఉదాహరణము.

వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతీపట్టణము కట్టించునప్పుడు దీపాలదిన్నె యను ఆ దిబ్బలోని రాళ్లను పనివాండ్రు తవ్వి తీసిరి. 1797 లో మెకంజీదొర వచ్చి చూచెను. 1816 లో మరల వచ్చి, తన చిత్రకారులచే అప్పటికి మిగిలిన ఫలకములకు బొమ్మలు వ్రాయించెను. దిబ్బకు కొలతలతో నమూనా గీయించెను. అంతకు ముందును తరువాతను రాళ్లు కొన్ని కట్టడములలో కలిసిపోయినవి. కొన్ని సున్నపుబట్టీలకు పోయినవి. 1845 లో ఎలియట్‌దొర మరికొన్ని త్రవ్వించి చెన్నపట్టణము చేర్చెను. ట్రైప్ అను సైనికాధికారి 1858 లో వానికి ఛాయాచిత్రములు తీసెను. మరుసటియేడు వానిలో పెక్కురాళ్లు ఓడనెక్కి లండను చేరినవి. 1880 నుండి అవి అచ్చటి బ్రిటిష్ మ్యూజియములో నున్నవి.

మెకంజీ చిత్రకారులు వ్రాసిన బొమ్మలలో కొన్నింటికి మూలమైన రాళ్లు నేడు ఎక్కడను లేవు. బొమ్మయే మిగిలినది. ఆ చిత్రకారులు విరిగిన రాతిని విరిగినట్లే వ్రాసిరి. విరుగును కోసివేసి ముచ్చటైన ముఖమును మాత్రమే వ్రాసియున్నచో, ఈ రాయి ఏ రాతి ప్రక్కన నుండెనో నేడు ఎవరును పోల్చలేకపోవుదురు. విరిగిన అంచు చూపరికి వికారముగా తోచును. కాని విద్వాంసునకు అదియే తాళపుచెవి.

ఇక మనకు మరింత దగ్గరి సంగతి. కృష్ణపై పులిచింతలవద్ద కట్టిన జలాశయము 2013 డిసెంబరులో ప్రారంభమైనది. నలువదియైదు టి.ఎం.సి.లకు పైబడిన నీరు నిలుచునట్లు కట్టినది. దానిక్రింద మన వైపునను ఆవలి యొడ్డునను అనేక గ్రామములు మునిగినవి. కోహినూరు పుట్టినచోటుగా లోకమునకు తెలిసిన కొల్లూరును వానిలో చేరినది. అట్టి గ్రామములనుండి లేచివచ్చినవారి యిండ్లకు నేను పోయితిని. ఊరు విడుచుటకు ముందు తీసికొన్న పటములను చూపిరి. అన్నింటను ముఖములే! తండ్రి, కొడుకులు, కోడండ్రు వరుసగా నిలిచియున్నారు. వెనుక గోడ జానెడు. ద్వారబంధపు చెక్కడము సగము తెగినది. ఒక వృద్ధుడు పటములో తన కుమారుని భుజముమీదుగా వ్రేలు చూపి, "ఇదిగోనండీ, ఇక్కడ మా బావి ఉండెడిది" అనెను. నేను కన్నులు చిట్లించి చూచితిని. బావి లేదు. అంచుకు ఆవల నున్నదట.

ముఖములు వారితోకూడ కొత్తయూరికి వచ్చినవి. ఇల్లు, బావి, రచ్చచెట్టు రాలేదు. రానివానినే గదా పటములో ఉంచవలసినది! నాలుగడుగులు వెనుకకు జరిగి మరియొక్క పటము తీసియున్న చాలును. ఇది వారి తప్పని నేను చెప్పను. ఊరు విడుచు దినమున ఎవరికి అంచులు తోచును? సామాను ఎత్తించు తొందరలో పటమొకటి తీయగలుగుటయే ఘనము.

పెద్దమనుష్యులుగా మీరు తగవులు తీర్చువారు కనుక మరియొక్క మాట. గోడ తగవునకో, గట్టు తగవునకో వచ్చినవాడు ఫోనులో పటము చూపును. అందు గట్టు తెగి యుండును, ట్రాక్టరు చక్రము గుర్తుండును. అంత మాత్రమున నమ్మరాదు. "ఇది కోయని పటమేనా? తీసినది తీసినట్లున్న దానిని చూపుము" అని అడుగుడు. కోసినది అబద్ధమని కాదు, సగము నిజము. నేడు యంత్రములు కోయుటతో ఆగక, పటములోని మనుష్యుని తుడిచివేసి ఆ చోట గోడను, చెట్టును కల్పించుచున్నవి. కన్ను పోల్చలేదు. కావున పటము నొక్కదానిని సాక్షిగా నిలుపక, అదే చోటును వేరువైపులనుండి తీసినవి తెమ్మని చెప్పి, వీలైనయెడల మీరే నడచి పోయి చూచుట మేలు.

ఇండ్లలో పటము తీయువారికి నాకు తోచిన కొన్ని సంగతులు త్వరగా చెప్పెదను. వ్రేళ్లతో తెరను విదిలించి దూరపువస్తువును పెద్దది చేయుటకంటె కాళ్లతో దగ్గరికి పోవుట మంచిది, పటము మసకబారదు. ముఖము ఏ వైపు చూచుచున్నదో ఆ వైపున కొంత జాగా విడువవలెను. లేనిచో మనుష్యుడు గోడకు ముక్కు ఆనించినట్లుండును. బాలుని పటమునకు బాలుని కంటియెత్తున వంగవలెను. మీటకముందు ఒక్క క్షణము మనుష్యుని విడిచి అతని వెనుక చూడుడు. తలనుండి కరెంటుస్తంభము మొలచియుండవచ్చును. మా బంధువుల పెండ్లిలో వరుని శిరస్సుపై ఆరేండ్లుగా ఒక పంకా తిరుగుచునే యున్నది! ప్రతి సందర్భమునకును రెండు పటములు తీయుడు, ఒకటి దగ్గరగా, ఒకటి ఎడముగా. కోయదలచినచో నకలును కోయుడు, మూలమును ముట్టవలదు.

ఈ కడపటి మాట నేను గ్రంథములలో చదివి చెప్పుచున్నది కాదు.

1987 లో నేను పనిచేయుచుండిన పాఠశాలలో వీడ్కోలు పటము తీయించితిమి. పైన నేను చెప్పిన ఫొటోగ్రాఫరే తీసెను. నడుమ కుర్చీలలో ఉపాధ్యాయులము, వెనుక బల్లలమీద పదవతరగతివారు, క్రింద చాపమీద చిన్నవారు. ఎడమచివర పిల్లలకు మంచినీళ్లు పోయు ఆమె నిలిచెను. తానుగా రాలేదు, పిల్లలే చేయిపట్టి లాగుకొని వచ్చిరి. పటము వచ్చినది. ప్రధానోపాధ్యాయుని గదిలో ఖాళీగానున్న చట్రమునకు అది కొంచెము వెడల్పైనది. కొత్త చట్రమునకు డబ్బు లేదు. "రెండువైపులను సమముగా కోసి బిగింపుము" అని చట్రము కట్టువానితో చెప్పినవాడను నేనే. అతడు కోసెను. కుడివైపున ఒక పూలకుండి పోయెను. ఎడమవైపున ఆమె పోయెను. అంచు మణికట్టువద్ద పడెను. గ్లాసు పట్టుకొనిన చేయి మాత్రము పటములో నిలిచెను.

నాకు అప్పుడు ఏమియు తోచలేదు. చట్రము నిండుగా, నడుమ కుర్చీలతో, చూచుటకు బాగుగనే యుండెను. కూర్పు దృష్టితో చూచినచో నేటికిని బాగుగనే యున్నదని చెప్పవలెను. అదియే నన్ను బాధించుచున్నది.

ఇరువదిరెండేండ్లకు ఆమె కుమారుడు నన్ను వెదకుకొని వచ్చెను. తల్లి పోయి తొమ్మిది దినములైనది. దినమునాడు పెట్టుటకు పటము లేదు. రేషను కార్డుమీది బొమ్మ చెరిగిపోయినది. "బడిలో తీసిన పటమున నేనున్నానని మా అమ్మ ఎప్పుడును చెప్పెడిదండీ" అనెను. పాఠశాలకు కలిసి పోయితిమి. చట్రము దుమ్ము తుడిచి చూపితిని. ఫొటోగ్రాఫరు దుకాణము ఎత్తివేసి చాలకాలమైనది; నెగెటివులు ఏమైనవో చెప్పువారు లేరు. కోసిన ముక్కను ఎవరు దాచుదురు? జరిగినది జరిగినట్లు చెప్పితిని. అతడు నన్నేమియు అనలేదు. పటమును వెలుతురున పెట్టి చాలసేపు చూచి, "ఈ గాజులు మా అమ్మవే మాస్టారూ. చేయి ఆమెదే" అనెను. ఆ భాగమునకు పెద్దది చేసిన ప్రతి యొకటి తీయించి యిచ్చితిని. దినమునాడు దానినే పెట్టిరో లేదో నేను పోయి చూడలేదు. పోవలసినదేమో.

ఆ పటమును చట్రమునుండి విప్పించి, నాకు జ్ఞాపకమున్నంతవరకు అందరి పేర్లును వరుసక్రమమున దాని వెనుక వ్రాసితిని. ఎడమ అంచున, చేయి యున్నచోట, ఆమె పేరు వ్రాసితిని. మీ యిండ్లలోని పాతపటములకును ఈ పని ఈ వేసవిలోనే చేయింపుడు. పేర్లు చెప్పగలవారు మీరే. వ్రాయునప్పుడు మెత్తని పెన్సిలుతో, నొక్కి వ్రాయకుండ, ముఖముల వెనుక గాక అంచు ప్రక్కన వ్రాయవలెను. సిరాతో వ్రాసినయెడల కొన్నియేండ్లకు అది కాగితములో దిగి ముందువైపున మచ్చగా కనబడును.